ఆడినన్నాళ్లూ హీరో, ఆ తర్వాత?
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇందాక ఆటల్లో బహుమతులు అందుకున్న పిల్లలకు అందరం చప్పట్లు కొట్టాం. వీరిలో కొందరు రేపు ఆటనే వృత్తిగా చేసుకోవచ్చు. అందుకే పండగ వేళ అయినా ఒక చేదు విషయం మాట్లాడదలిచాను. వ్యసనంలో పడిన క్రీడాకారుణ్ని మనం ఎలా చూస్తున్నాం?

1986లో అర్జెంటీనాకు ప్రపంచకప్ తెచ్చిన మారడోనాను ఇటలీలోని నేపుల్స్ నగరం దేవుడిలా కొలిచింది. ఆ ఊరి జట్టు నాపోలి 1987లో, 1990లో లీగ్ గెలిచింది. 1991లో పరీక్షలో కొకైన్ బయటపడింది. 15 నెలల నిషేధం పడింది.

ఇంగ్లండ్‌లో ఆర్సెనల్ కెప్టెన్ టోనీ ఆడమ్స్ 1990లో తాగి కారు నడిపిన నేరానికి జైలుకెళ్లాడు. ఆ శిక్ష న్యాయమే. 1996లో తాను మద్యానికి బానిసనని లోకం ముందు ఒప్పుకున్నాడు. క్లబ్బు అతణ్ని వదులుకోలేదు. 1998లో, 2002లో అతని నాయకత్వంలోనే లీగ్, ఎఫ్‌ఏ కప్ రెండూ గెలిచింది. తనలాంటి ఆటగాళ్ల చికిత్స కోసం అతను 2000లో ‘స్పోర్టింగ్ చాన్స్’ సంస్థను స్థాపించాడు.

నిబంధనలూ మారాయి. 2021 నుంచి ప్రపంచ డోపింగ్ నిరోధక నియమావళి ప్రకారం, కొకైన్ వంటి మత్తుపదార్థాన్ని పోటీ లేని సమయంలో, ఆటలో లాభానికి కాకుండా వాడినట్టు ఆటగాడు నిరూపిస్తే నిషేధం 3 నెలలే. చికిత్స పూర్తిచేస్తే 1 నెలకు తగ్గించవచ్చు. మోసం వేరు, జబ్బు వేరు అని నియమావళి ఒప్పుకుంది. మనమే ఇంకా ఒప్పుకోలేదు.

నేను ఇంజనీరును. యంత్రం ఆగిపోతే దానిమీద ఎంత భారం పడిందో ముందు చూస్తాం. గాయాల నొప్పి, ఓడితే వేలమంది తిట్లు, నడివయసు రాకముందే ముగిసే వృత్తి. మనిషి విషయంలో ఈ భారం లెక్కలోకి రాదు. ‘డబ్బెక్కువై కొవ్వెక్కింది’ అని తేల్చేస్తాం. ఆ మాట విన్నవాడు డాక్టరు దగ్గరికి వెళ్లడు, దాచుకుంటాడు. దాచుకున్న కొద్దీ జబ్బు ముదురుతుంది.

పీఈటీ మాస్టార్లకు, తల్లిదండ్రులకు నా మనవి. పతకం తెచ్చిన రోజే కాదు, గాయంతో పక్కన కూర్చున్న రోజు కూడా పిల్లల్ని పలకరించండి. అనుమానం వస్తే కేంద్ర ప్రభుత్వ ఉచిత హెల్ప్‌లైన్ 14446 ఉంది. ఫోన్ చేస్తే పరువేమీ పోదు.

పిల్లలూ, మీరు గెలిస్తే ఈ బడి గర్విస్తుంది. తడబడినా ఈ బడి గేటు మీకు తెరిచే ఉండాలి. ఆ పూచీ మా పూర్వ విద్యార్థులది.