సౌందర్య యంత్రాలు – మేనిఛాయ

సున్నిపిండి నలుగుతో నూగు తొలగించుకునే ఇళ్లలోకి నేడు ఐపీఎల్, లేజర్ పరికరాలు ప్రవేశించాయి. వీటి కాంతిని వెంట్రుకలోని నల్లని వర్ణకం, అనగా మెలనిన్, గ్రహిస్తుంది. ఆ వేడికి కుదురు దెబ్బతింటుంది. చిక్కు ఇక్కడే ఉంది. ముదురు ఛాయ గల మేనిలోనూ అదే మెలనిన్ సమృద్ధిగా ఉంటుంది. తెల్లని చర్మానికి తగిన తీవ్రతను దానిపై ప్రయోగిస్తే చర్మమే కాలి, నెలల తరబడి మచ్చ నిలుస్తుంది. పెళ్లికి వారం ముందు తొలిసారి ప్రయత్నించే వధువు ఈ సంగతి తెలుసుకోవాలి. ఇంట్లో వాడే ఐపీఎల్ పెట్టెలోని ఛాయల పట్టికను ముందుగా చూడాలి. మిక్కిలి ముదురు ఛాయలకు అందులో సాధారణంగా నిషేధమే. అట్టివారికి చర్మవైద్యుల వద్ద 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ లేజర్ మేలు. నెరసిన వెంట్రుకకు మాత్రం ఏ లేజరూ పనిచేయదు. పాపం, డబ్బు పోతుంది. 1875లో అమెరికా నేత్రవైద్యుడు ఛార్లెస్ మిషెల్ రెప్పవెంట్రుకలకు వాడిన విద్యుత్ సూదే దానికి శరణ్యం. గడ్డంపై హఠాత్తుగా వెంట్రుకలు మొలచి, నెలసరి తప్పుతున్న యువతి పార్లరుకు కాదు, ముందుగా వైద్యురాలి వద్దకు వెళ్లాలి.