తెలివిగల కట్టడము

ఇంటికి తెలివి యుండునా అని అడిగినచో మన పెద్దలు నవ్వెడివారు. ఇల్లనగా రాయి, మట్టి, సున్నము. తెలివి అందులో నివసించువారిది. కాని నేడు ‘స్మార్ట్ బిల్డింగు’ అను మాట ప్రకటనలలో తరచుగా కనబడుచున్నది. మనుష్యుడు గదిలో అడుగు పెట్టగనే దీపము వెలుగును. అతడు వెడలిపోగనే ఆరిపోవును. గదిలోని చల్లదనము తనంత తాను సర్దుకొనును. ఎంత విద్యుత్తు ఖర్చయినదో చేతిలోని ఫోను చెప్పును. ఇవన్నియు నిజమే. అయితే వీనివలన విద్యుత్తు ఖర్చు తగ్గుచున్నదా, లేక ఇంటిలో మరికొన్ని యంత్రములు చేరుట మాత్రమే జరుగుచున్నదా? ఇదియే ఈనాటి మన విచారణ.

ఈ విద్య నిన్న మొన్నటిది కాదు. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమున వైట్‌వాటర్ అను ఊరిలో వారెన్ జాన్సన్ అను ఉపాధ్యాయుడుండెడివాడు. అచటి చలికాలమున పాఠశాల నౌకరు గదిగదికి తిరిగి, ఎంత వేడిగా నున్నదో చూచుకొని, నేలమాళిగకు దిగి వేడిగాలి తలుపులను సర్దవలసి వచ్చెడిది. ప్రతిసారియు పాఠము నడుమ నిలిచిపోయెడిది. ఈ చిక్కును తొలగించుటకై జాన్సన్ గదిలోని వేడిమిని గుర్తించి క్రిందనున్న నౌకరుకు గంట మ్రోగించి తెలుపు విద్యుత్ సాధనమును కల్పించి, 1883లో పేటెంటు పొందెను. అనగా, గది తన స్థితిని తానే చెప్పుకొన్నది. మనుష్యుడు విని తగిన పని చేసినాడు. నేటి తెలివిగల కట్టడమునకు మూలసూత్రమంతయు ఇందే యున్నది: గ్రహించుట, తెలుపుట, తగినట్లు నడచుకొనుట.

ఈ సూత్రము పెద్ద కట్టడములలో ఎట్లు పనిచేయునో చూతము. ఒక సమావేశమందిరము నూరుమందికొరకు కట్టబడినదనుకొందము. లోపల ఇరువదిమందియే కూర్చున్నను, పాతపద్ధతిలో నూరుమందికి చాలునంత గాలిని చల్లబరచి పంపుదురు. మనము విడుచు ఊపిరిలో బొగ్గుపులుసు వాయువు కలదు గదా. గదిలో ఆ వాయువెంత యున్నదో కొలుచు సెన్సారు నమర్చినచో, లోపల ఎందరున్నారో యంత్రమునకు ఇంచుమించుగా తెలియును. అది పంకా వేగమును తగ్గించును. ఇచట ప్రకృతిధర్మమొకటి మనకు గొప్ప సాయము చేయుచున్నది. గాలిని తోలు పంకా వేగమును సగము చేసినచో, దాని విద్యుత్తు సగమునకు కాదు, సూత్రప్రకారము ఎనిమిదవ వంతునకు దిగును. వేగమును అయిదవ వంతు తగ్గించినంతనే ఖర్చు దాదాపు సగమగును. కనుక అవసరమెరిగి కొంచెము తగ్గుటలోనే పెద్ద ఆదా కలదు. యంత్రపు తెలివి హెచ్చుపని చేయుటలో లేదు. అనవసరమైన పని మానుటలో నున్నది.

ఇది పుస్తకములలోని లెక్క మాత్రమే కాదు. హైదరాబాదు సమీపమున పోచారములోని ఇన్ఫోసిస్ సంస్థ ఆవరణలో ఒక కార్యాలయభవనమును రెండు సమానభాగములుగా కట్టి పరీక్షించినారు. గోడలు, కిటికీలు, నీడ రెండింటికిని ఒక్కటే. ఒక భాగములో వాడుకలోనున్న పద్ధతిననుసరించి, మంచి సామర్థ్యముగల యంత్రములతో, చల్లనిగాలిని గొట్టములద్వారా పంపిరి. రెండవ భాగములో కాంక్రీటు శ్లాబులలో సన్నని గొట్టములు పొదిగి, వానిలో చల్లనినీరు ప్రవహింపజేసిరి. శ్లాబు చల్లబడి, గదిలోని వేడిమిని నిశ్శబ్దముగా పీల్చుకొనును. ఒకే పరిమాణముగల గాలికంటె నీరు కొన్నివేల రెట్లు వేడిమిని మోయగలదు. కావున వేడిమిని బయటకు చేరవేయుటకు పట్టు శ్రమ తగ్గును. పీల్చుకొనుటకు కావలసిన శుభ్రమైన గాలిని మాత్రము వేరుగా, తేమ తీసి, పంపుదురు.

ఈ పద్ధతిలో ఒక మెలకువ కావలయును. నీరు మరీ చల్లనైనచో, చల్లని చెంబుమీద వలె శ్లాబుమీద తేమ చెమరించును. అందువలన గాలిలోని తేమను ఎడతెగక కొలుచుచు, నీటి చల్లదనమును దానికి తగినట్లు సర్దుచుండవలెను. ఇట్టి పనికే సెన్సార్లును, గణకయంత్రమును నిజముగా అక్కరకు వచ్చును. రెండేండ్లపాటు రెండు భాగముల ఖర్చును వేరువేరుగా కొలిచి చూడగా, చల్లదనమునకై నీటిపద్ధతిగల భాగము రెండవదానికంటె 34 శాతము తక్కువ విద్యుత్తు వాడినట్లు తేలినది. నిర్మాణవ్యయము కూడ దానికి హెచ్చు కాలేదు. ఈ వివరములు 2014లో ఇంజనీర్ల పత్రికలో ప్రకటింపబడినవి.

ఈ పరీక్షనుండి మనము నేర్వవలసినది ఒక్క అంకె కాదు. ఆ భవనమునకు మొదట నీడ కల్పించిరి; తరువాత తగిన పద్ధతి నెన్నుకొనిరి; ఆపైన కొలిచిరి. ఈ వరుసను తలక్రిందులు చేసినచో మేలు కలుగదు. పడమటి యెండ నేరుగా పడు అద్దాల గోడ కట్టి, లోపల ఎంత తెలివిగల శీతలయంత్రము పెట్టినను, అది చిల్లికుండలో నీరు పోయుటయే. కిటికీపైన సజ్జ, పైకప్పుమీద తెల్లని సున్నపుపూత, పడమట నొక చెట్టు: వీనికి కరెంటు అక్కరలేదు. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని పైకప్పుల విధానమును ప్రకటించుటకు ఇదియే కారణము. శీతలయంత్రము కొనలేని ఇంటివారికి యెండాకాలపు రాత్రి నిద్ర పట్టుటయో, పట్టకపోవుటయో ఆ పైకప్పుమీదనే ఆధారపడి యున్నది. కలవారి గదులనుండి యంత్రములు వెడలగొట్టు వేడిమి పడునది కూడ ఆ వీథిలోనివారి మీదనే.

ఇక మన గృహముల సంగతి. 2020 జనవరి నుండి మన దేశమున స్టారు గుర్తుతో అమ్మబడు గది ఎయిర్‌కండిషనర్లు 24 డిగ్రీలవద్ద ఆరంభమగునట్లు నియమమేర్పడినది. ఒక్కొక్క డిగ్రీ పెంచినకొలది సుమారు 6 శాతము విద్యుత్తు మిగులునని కేంద్ర ఇంధన సామర్థ్య బ్యూరో చెప్పుచున్నది. పాతరకపు సీలింగు పంకా 75 వాట్ల వరకు తీసికొనగా, బీఎల్‌డీసీ పంకాలలో అనేకములు 35 వాట్లలోపుననే అంత గాలి నిచ్చును. గది నుష్ణోగ్రతను రెండు డిగ్రీలు పెంచి, అట్టి పంకా వేసికొన్నచో దేహమునకు లోటుండదు.

తెలివిగల సాధనము కొనునప్పుడు మరియొక లెక్క చూచుకొనవలెను. ఆజ్ఞకై కాచుకొని యుండుటకు దానికి కూడ విద్యుత్తు కావలెను. రెండు వాట్లు తీసికొను చిన్నపరికరము రేయింబవళ్లు పనిచేసినచో ఏడాదికి పదునేడున్నర యూనిట్లగును. అట్టివి పది చేరినచో 175 యూనిట్లు. ఏడాదికొక్కసారియైన మరచిపోని దీపమునకు ఇట్టి కావలి పెట్టుట పొదుపు కాదు. నీళ్లు కాచు గీజరు, శీతలయంత్రము, నీటి మోటారు వంటి పెద్ద ఖర్చులవద్ద పెట్టినచో అది తన కూలి తాను సంపాదించుకొనును.

అన్నింటికంటె ముఖ్యమైనది, యంత్రము చెప్పినదానిని వినుట. ఎన్నియో కార్యాలయములలో ఖర్చు కొలుచు మీటర్లుండును. వాని అంకెలను చూచువారుండరు. రాత్రి ఎవరును లేనివేళ వాడుక యేల తగ్గలేదని ఒక్కరు అడిగిననాడు అసలైన ఆదా మొదలగును. జాన్సన్ గంట మ్రోగించినాడు; విన్న నౌకరు లేకున్నచో ఆ గది చల్లబడి యుండదు, వేడెక్కి యుండదు. మన యింటి మీటరులోని అంకెను నెలకొకసారి వ్రాసిపెట్టుకొని, క్రిందటి యేటి అదే నెలతో పోల్చి చూచుకొనుట ఖర్చులేని పని. గృహిణులును, చదువుకొను పిల్లలును దీనిని ఈ నెలనుండియే ఆరంభింపవచ్చును.