నాట్లు, బారలు, ప్రమాద సూచికలు

నేలమీద మైలు 1,609 మీటర్లు, సముద్రంమీద 1,852. ధ్రువాలమీదుగా భూగోళాన్ని చుట్టే వృత్తాన్ని 360 డిగ్రీలుగా, ఒక్కో డిగ్రీని 60 నిమిషాలుగా విడగొడితే, ఒక నిమిషం దూరమే ఈ నాటికల్ మైలు. భావనపాడు, బారువ తీరాల ముందు 12 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 22 కిలోమీటర్ల వరకు, దేశ ప్రాదేశిక జలాలు.

గంటకు ఒక నాటికల్ మైలు నడిస్తే ఆ వేగం ఒక నాట్. పూర్వం ముడులు వేసిన తాడును ఓడ వెనక వదిలి, ఇసుక గడియారం ఖాళీ అయ్యేలోగా ఎన్ని ముడులు జారాయో లెక్కపెట్టేవారు. 'గంటకు ఇన్ని నాట్లు' అనడం తప్పు; గంట అందులోనే ఉంది. 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను గాలి గంటకు 140-150 కిలోమీటర్లు, అంటే దాదాపు 80 నాట్లు.

లోతుకు కొలత బార, రెండు చేతులూ చాచినంత. నావికుల ఫాదమ్ కూడా దాదాపు అంతే, 6 అడుగులు.

తెరచాప, చుక్కాని, లంగరు గురించి ఉద్దానం మత్స్యకారులకు చెప్పనక్కర్లేదు. పోర్టు, స్టార్‌బోర్డు మాత్రం తికమకపెడతాయి. పడవ ముక్కువైపు చూస్తే ఎడమ పక్క పోర్టు, అక్కడ ఎర్ర దీపం. కుడి పక్క స్టార్‌బోర్డు, అక్కడ ఆకుపచ్చ దీపం. మనిషి ఎటు తిరిగినా పక్కల పేర్లు మారవు.

కళింగపట్నం వంటి రేవుల్లో ఎగరేసే తుపాను సూచికలు 1 నుంచి 11 వరకు. 10 అతి తీవ్ర ప్రమాదానికి గుర్తు. 11 అంతకన్నా పెద్ద గాలి కాదు. హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని దాని అర్థం.