కెమెరా ఎంత ఎత్తులో పట్టుకోవాలి?

(మచిలీపట్నంలో గ్రామ కార్యకర్తల తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



తెలుగు సినిమాకి పితామహుడని చెప్పుకునే రఘుపతి వెంకయ్య పుట్టింది ఈ బందర్లోనే. గుడివాడ చుట్టుపక్కల నుంచి వెళ్ళిన హీరోల సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఇంత సినిమా పుట్టిన జిల్లాలో మన పల్లెలు తెరమీద ఎన్నిసార్లు కనబడ్డాయి? 1938లో ‘మాలపిల్ల’ వచ్చింది. మంచి పనే, కాదనను. కానీ కథ రాసిన చలం, తీసిన గూడవల్లి రామబ్రహ్మం ఇద్దరూ పల్లె బయటివాళ్ళే.

ఇప్పుడు ఫోను మన చేతిలో ఉంది. చేతిలో ఉండటం వేరు, తియ్యడం తెలియటం వేరు.

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలు 1990ల చివర్లో వీడియో కెమెరా నేర్చుకున్నారు. చాలామందికి చదువు రాదు. మనిషి కళ్ళకి సమానంగా కెమెరా పట్టుకుంటే దానికి ‘సంఘం షాట్’ అని పేరు పెట్టారు. సంఘంలో అందరూ సమానం కదా! దొర చూసినట్టు పైనుంచి కిందికి చూస్తే అది ‘పటేల్ షాట్’. వరంగల్ జిల్లాలో బీటీ పత్తి వేసిన రైతుల దగ్గరికి పంటకాలమంతా మళ్ళీ మళ్ళీ వెళ్ళి 2003లో సినిమా తీశారు. ఏ పెద్ద బడిలోనూ కెమెరా కోణాన్ని ఇంత సూటిగా చెప్పరని నా నమ్మకం. కాబట్టి ముసలమ్మ నేలమీద కూర్చుంటే మీరూ నేలమీదే కూర్చోండి.

మన డెల్టాలో చాలా ఊళ్ళలో పల్లె నుంచి శ్మశానానికి దారి లేదు. శవాన్ని వరిచేల గట్లమీద మోసుకుపోవాలి. మొన్న ఒక కుర్రాడు అది తీసి చూపించాడు. ఫోను అటూ ఇటూ ఊపేశాడు, పైన సినిమా పాట వేశాడు. చూస్తే ఏడుపొస్తుంది, కానీ ఏ ఊరో తెలియదు, దారి ఎక్కడ తెగిందో తెలియదు. తహసీల్దారు అడిగేది అదే! ముందు దూరంగా నిలబడి పల్లె, చేలు, అవతల శ్మశానం ఒకే చూపులో పట్టండి. కదలకుండా పది లెక్కపెట్టండి. తర్వాత రోడ్డు ఆగిపోయిన చోటు. తర్వాత గట్టుమీద జారే పాదాలు, బాగా దగ్గరగా. పాట వద్దు, బురదలో కాలు పడే చప్పుడు విననివ్వండి. మన తీరంలో గాలి హోరెక్కువ, మాట్లాడే మనిషికి మూరెడు దూరంలో ఫోను ఉండాలి.

‘దారి లేక ఇబ్బందిగా ఉంది కదమ్మా?’ అంటే ‘అవునయ్యా’ అంటుంది, అయిపోయింది. ‘మీ ఆయన్ని తీసుకెళ్ళిన రోజు ఏం జరిగిందమ్మా?’ అనడిగి ఊరుకోండి. ఆవిడ మధ్యలో ఆగితే మీరు మాట అందించకండి.

ఇంకో సంగతి. మనం తీసుకుని బస్సెక్కేస్తాం. ఆవిడ తెల్లారి అదే కామందు చేలో నాట్లకెళ్ళాలి. మొహం చూపాలా, గొంతొక్కటే చాలా అన్నది ఆవిడే చెప్పాలి. తీసింది ముందు ఆవిడకే చూపాలి, వద్దంటే తీసెయ్యాలి. మానభంగం కేసుల్లో బాధితురాలి పేరు, మొహం బయటపెట్టడానికి చట్టమూ ఒప్పుకోదు.

కత్తిరింపు దగ్గర మనవాళ్ళకి ఆవేశం ఎక్కువ. ‘ఆసాములు మంచోళ్ళే, దారి మాత్రం ఇవ్వరు’ అని ఆవిడంటే మొదటి ముక్క కోసెయ్యకండి. అవతలివాళ్ళకి ఒక్క కోత దొరికితే మిగతా నిజమంతా అబద్ధమంటారు. అసలు రికార్డు చెరపొద్దు, కోసేదంతా నకలులోనే. రేపు కోర్టులో పెట్టాలంటే 2023 భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం కావాలి. తేదీ, చోటు, తీసిన ఫోను ఏదో ఆ రోజే నోటుబుక్కులో రాసుకోండి. అట్రాసిటీ చట్టానికి 2015లో చేర్చిన 15ఎ సెక్షన్ చూడండి. ఈ కేసుల్లో విచారణ వ్యవహారాలన్నీ వీడియో తియ్యాలని ఉంది. మనలో ఎంతమందిమి అడిగాం?

ఓపిక కావాలి. 1997 జూలై 11న బొంబాయి రమాబాయి నగర్‌లో పోలీసు కాల్పుల్లో పదిమంది చనిపోయారు. ఆనంద్ పట్వర్ధన్ ఆ జనం వెంట పద్నాలుగేళ్ళు తిరిగి 2011లో ‘జై భీమ్ కామ్రేడ్’ పూర్తిచేశారు.

ఇక దివిసీమ. 1977 నవంబరు 19 ఉప్పెనలో సర్కారు లెక్కలోనే పదివేల దాకా పోయారు. మనం చూసిన ఫొటోల్లో శవాలున్నాయి, పొట్లాల కోసం చాచిన చేతులున్నాయి. ఎవరి గుడిసె ఎంత పల్లంలో ఉంది, సాయం ముందు ఏ పేటకి చేరింది, శవాలెవరు మోశారు? ఇవి ఆ చేతులవాళ్ళే చెప్పాలి. అప్పుడు పదిహేనేళ్ళ పిల్లలకి ఇప్పుడు అరవై దాటాయి. నాగాయలంక, కోడూరు వైపు నుంచి వచ్చినవాళ్ళు తరగతి అయ్యాక ఆగండి. పేటకి ఇద్దరు చొప్పున పేర్లు రాసుకుని వచ్చే ఆదివారం మొదలుపెడదాం.