సముద్రం మీది తేమ
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

శ్రీహరికోటలో రాకెట్ లేస్తే మన వాకాడు మిద్దెల మీదికే కనబడుతుంది. పొగ చెదిరిపోగానే దిగి వచ్చేస్తాం. దాని తలమీద ఏం పోయిందని అడిగేవాళ్లు తక్కువ. అలా పోయిన ఒకదాని గురించి చెబుతాను. 2011 అక్టోబరు 12న పీఎస్‌ఎల్‌వీ మీద వెళ్లిన మేఘ-ట్రోపిక్స్. భారత్, ఫ్రాన్స్ కలిసి చేసిన ఉపగ్రహం.

1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపాను మా వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది. తుపానుకు తిండి సముద్రం మీది ఆవిరి. అది నీరుగా మారేటప్పుడు విడిచే వేడే దాని బలం. చెన్నైలోనైతే బెలూన్ ఎగరేసి పైగాలిలో తేమ కొలుస్తారు. నడి బంగాళాఖాతంలో రోజూ ఎవరు ఎగరేస్తారు? వాన వచ్చేది మాత్రం అక్కడినుంచే.

ఉపగ్రహం గాలిని తాకకుండానే ఆ లెక్క తీస్తుంది. ప్రతి వస్తువూ కంటికి కనబడని మైక్రోవేవ్ తరంగాలను కొద్దికొద్దిగా వెదజల్లుతుంది. నీటి ఆవిరి 22 గిగాహెర్ట్జ్ దగ్గర ఒకసారి, 183 దగ్గర మరింత గట్టిగా పలుకుతుంది. 22 దగ్గర నేల కూడా గట్టిగానే వెదజల్లుతుంది కాబట్టి దాని ముందు ఆవిరి ఆనదు. సముద్రం అందులో సుమారు సగమే. అందుకే నల్లబల్ల మీద సుద్దగీతలా ఆవిరి తేటగా కనబడుతుంది. 1979లో వెళ్లిన భాస్కర-1లోని సమీర్ పరికరం ఈ దారే పట్టింది. కానీ దీనితో మొత్తం ఆవిరి ఎంతో తెలుస్తుంది, ఏ ఎత్తున ఎంతో తెలియదు.

మేఘ-ట్రోపిక్స్‌లోని సఫీర్ 183 దగ్గర ఆరు చోట్ల విన్నది. బురదగుంటలో పైనీరే కనబడుతుంది, తేటనీటిలో లోపలికి చూపు పోతుంది కదా. ఇదీ అంతే. సరిగ్గా 183 దగ్గర పైపొరల తేమే తెలుస్తుంది, పక్కకు జరిగేకొద్దీ కింది పొరలు బయటపడతాయి. అలా సుమారు 12 కిలోమీటర్ల ఎత్తుదాకా. కుండపోత వాన ఉన్నచోట మాత్రం లెక్క తప్పుతుంది.

దాని కక్ష్య భూమధ్యరేఖకు 20 డిగ్రీల వాలులోనే ఉండేది. మనం ఉన్నది 14 డిగ్రీల దగ్గర. కాబట్టి ధ్రువాల మీదుగా తిరిగే ఉపగ్రహాలకంటే మన సముద్రాన్ని ఎక్కువసార్లు చూసింది. మూడేళ్లకని పంపితే 2021 దాకా సమాచారం ఇచ్చింది. 2023 మార్చి 7న మిగిలిన ఇంధనంతో దాన్ని పసిఫిక్ వైపు దించేశారు.

2024 ఫిబ్రవరి 17న ఇన్సాట్-3డీఎస్ పోవడం పిల్లలు చూసే ఉంటారు. అందులోని సౌండర్ కూడా తేమ కొలుస్తుంది. అయితే అది పరారుణ కిరణాలతో పనిచేస్తుంది, మబ్బు అడ్డొస్తే కింద ఏముందో దానికి కనబడదు. మనకు కావలసింది మబ్బు పట్టిన రోజునే కదా!