సెలవుల ఇల్లు ఎవరికి సెలవు?

(కృష్ణానగర్‌లో జరిగిన స్త్రీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఈ రోజు మాట్లాడబోయే విషయం వింటే మీలో కొందరికి నవ్వు రావచ్చు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు డబ్బు కలుపుకొని ఊరి బయట ఒక సెలవుల ఇల్లు కొనుక్కోవడం మంచిదా, కాదా అన్నదే ఆ విషయం. ఈ కృష్ణానగర్‌లో షూటింగుకు పిలుపు వస్తే తప్ప పొయ్యి వెలగని జూనియర్ ఆర్టిస్టులున్నారు. ఒక్క గదికి అద్దె కట్టడానికి నాలుగిళ్ళలో పనిచేసే స్త్రీలున్నారు. ఇక్కడ నిలబడి రెండో ఇంటి గురించి మాట్లాడటమేమిటని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అయితే ఇల్లు చిన్నదైనా పెద్దదైనా ఆడవాళ్ళ చేత సంతకం పెట్టించుకునే పద్ధతి మాత్రం ఒక్కటే. అందుకే మా ఇంటి సంగతినే మీ ముందు చర్చకు పెడుతున్నాను.

మేము నలుగురం. ఇద్దరు అన్నయ్యలు, అక్క, నేను. నాన్న పోయాక ఊళ్ళో ఇల్లు తాళం వేసి ఉంది. దాన్ని అమ్మేసి, వికారాబాదు దగ్గర అనంతగిరి వైపు ఒక ఇల్లు కొందామని పెద్దన్నయ్య అన్నాడు. పండగలకీ వేసవి సెలవులకీ పిల్లలందరూ ఒకచోట కలుస్తారన్నాడు. అందరికీ నచ్చింది. ఆ తరువాత మెల్లగా, "రిజిస్ట్రేషన్ మా ఇద్దరి పేర్న పెడదాం, పని తేలికవుతుంది. మీరిద్దరూ ఊరి ఇంటి మీద హక్కు వదులుకున్నట్టు సంతకం పెడితే చాలు. ఇల్లు మాత్రం అందరిదీ కదా" అన్నాడు. మా అన్నయ్య చెడ్డవాడు కాదు. మా చదువుల కోసం తన చదువు ఆపుకున్నవాడు. పితృస్వామ్యం ఎప్పుడూ కర్ర పట్టుకొనే రాదు, ప్రేమగా కూడా వస్తుంది. కాదనడం మరీ కష్టమయ్యేది అప్పుడే.

ముందు ఈ ఆలోచనలో ఉన్న మంచిని చూద్దాం. తల్లి పోయాక ఆడపిల్లకు పుట్టిల్లు ఉండదంటారు. వదినలు ఎంత మంచివాళ్ళయినా అది వాళ్ళ ఇల్లు, మనం చుట్టాలం. తన పేరు కూడా ఉన్న ఒక ఇల్లు ఉంటే, భర్తతో గొడవపడ్డ స్త్రీకీ, ఒంటరి స్త్రీకీ, భర్త పోయినామెకీ ఎవరి దయ మీదా ఆధారపడకుండా తలుపు తీసుకొని వెళ్ళగలిగే చోటు ఒకటి ఉంటుంది. ఒక్కరు కొనలేనిది నలుగురు కలిస్తే కొనగలరు. పిల్లలు తమ వాళ్ళెవరో తెలుసుకుంటారు. వీటిని నేను తక్కువ చేసి చూడను. కాని ఈ మంచంతా "తన పేరు కూడా ఉన్న" అన్న మాట మీదే నిలబడి ఉంది.

ఇక చట్టం సంగతి. నాన్న సొంత సంపాదనతో కట్టిన ఇల్లు అది, వీలునామా రాయలేదు. అలాంటి ఆస్తిలో భార్యకూ కొడుకులకూ కూతుళ్ళకూ సమాన వాటాలని 1956 హిందూ వారసత్వ చట్టమే చెప్పింది. అంటే మా అమ్మతో కలిపి ఐదు వాటాలు. కాని అదే చట్టంలోని 23వ సెక్షను, కుటుంబం నివసించే ఇంటిని మగ వారసులు పంచుకుంటే తప్ప కూతుళ్ళు పంపకం అడగకూడదంది. పెళ్ళికాని, భర్త వదిలేసిన, విడిపోయిన, భర్త పోయిన కూతుళ్ళకు మాత్రం అక్కడ ఉండే హక్కు ఇచ్చింది. కాగితం మీద వాటా, చేతిలో శూన్యం. ఆ సెక్షను 2005లో గాని పోలేదు. ఉమ్మడి కుటుంబ ఆస్తి విషయంలో మన రాష్ట్రం కొంత ముందే కదిలింది. 1985 సెప్టెంబరు 5 నుంచి అమలయ్యేలా 1986లో తెచ్చిన సవరణ కూతుళ్ళకు పుట్టుకతోనే హక్కు ఇచ్చింది, కాని అప్పటికే పెళ్ళయిన వాళ్ళను బయటే ఉంచింది. 2005 కేంద్ర సవరణ ఆ తేడాను తీసేసింది. ఆ ఏడాది సెప్టెంబరు 9 నాటికి తండ్రి బతికి ఉండాలా అన్న వివాదాన్ని, అక్కరలేదని చెప్పి, 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు ముగించింది. అయితే ముస్లిం కుటుంబాల్లో లెక్క వేరు, అక్కడ కూతురి వాటా కొడుకు వాటాలో సగం. క్రైస్తవులకు 1925 భారత వారసత్వ చట్టం కొడుకునీ కూతురినీ సమానంగా చూస్తుంది. మీ దగ్గరకు వచ్చే స్త్రీని ముందుగా అడగవలసింది ఇదే. ఏ చట్టం ఆమెకు వర్తిస్తుంది? ఆస్తి ఎవరి సంపాదన? వీలునామా ఉందా?

ఇన్ని చట్టాలు మారినా మారనిది సంతకం. "కట్నమిచ్చాం, పసుపు కుంకుమ కింద ఇచ్చాం, ఇంకేం కావాలి?" అనే మాటకు భయపడి ఎందరో స్త్రీలు హక్కు విడుదల పత్రం మీద సంతకం పెడుతున్నారు. స్థిరాస్తిలో హక్కు వదులుకునే పత్రం రిజిస్టరు కావాలని 1908 రిజిస్ట్రేషన్ చట్టం చెబుతుంది. అలాగని తెల్లకాగితమే కదా అని తేలిగ్గా తీసుకోకండి. ముందే నోటిమాటగా పంచుకున్నాం, ఇది దానికి గుర్తు మాత్రమే అని కోర్టులో వాదించే వీలుంది. కొత్త ఇంటి దస్తావేజులో మన పేరు లేకపోతే, "డబ్బు నాది కూడా" అని తరువాత దావా వేయడానికి 1988 బినామీ చట్టం అడ్డు రావచ్చు. పేర్లున్న చోట కూడా ఎవరు ఎంత పెట్టారో రాసుకోవాలి. వేరే ఒప్పందం లేనప్పుడు పెట్టిన డబ్బును బట్టి వాటాలుంటాయనీ, ఆ రుజువు లేకపోతే సమానమని భావిస్తారనీ ఆస్తి బదిలీ చట్టం 45వ సెక్షను చెబుతుంది. నగలమ్మి ఇచ్చిన డబ్బుకు రసీదు ఎక్కడుంటుంది? స్త్రీల డబ్బు ఎప్పుడూ చేబదులుగానో ప్రేమగానో ఇంట్లోకి వెళ్తుంది, పెట్టుబడిగా లెక్కకు రాదు.

ఇంకొక సంగతి చాకిరీ. సెలవుల ఇంట్లో ఇరవైమందికి వండేదెవరు? గిన్నెలు, పక్కలు, పసిపిల్లల స్నానాలు ఎవరివి? 2019లో జాతీయ గణాంక కార్యాలయం జరిపిన సమయ వినియోగ సర్వేలో, ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, చేసే పురుషులు 97 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారని తేలింది. ఇల్లు మారినంత మాత్రాన ఈ లెక్క మారదు. కొత్తచోట పొయ్యి, నీళ్ళు, కిరాణా అన్నీ మొదటినుంచి వెతుక్కోవాలి కనుక పెరుగుతుంది. "రెండు వంటిళ్ళు ఊడ్చుకోవడానికి నేను డబ్బు కట్టాలా?" అని మా పెద్ద వదిన నాతో అంది. మా చర్చలో అందరికంటే సూటిగా మాట్లాడింది ఆమె.

మనం లేని రోజుల్లో ఆ ఇంటిని చూసేదెవరు? ఒక కాపలా కుటుంబం. జీతం మాట్లాడేది భర్తతో. ఊడ్చేది, తుడిచేది, మనం వెళ్ళినప్పుడు రొట్టెలు చేసేది భార్య. "ఇద్దరికీ కలిపి" అంటాం. అంటే ఆమెది ఊరికే. హక్కుల గురించి మాట్లాడే మనం ఆమె పనికి విడిగా, ఆమె చేతికే జీతం ఇవ్వకపోతే, ఆమె దృష్టిలో మనమూ యజమానులమే.

మా ఇంట్లో ఏం జరిగిందో చెప్పి ముగిస్తాను. నేను సంతకం పెట్టనన్నాను. పెద్దన్నయ్య మూడు నెలలు నాతో మాట్లాడలేదు. అక్క ఏడ్చింది, "అన్నయ్యను బాధపెట్టి ఏం తింటావు?" అంది. అప్పటిదాకా మాట్లాడని అమ్మ ఒకరోజు, "ఆ ఇంటికి ఇటుకలు మోసినదాన్ని నేను. కొత్త దాంట్లో నా పేరు ఎక్కడుంటుందిరా?" అని అడిగింది. ఎవరి దగ్గరా జవాబు లేదు. మేమెవరం ఆ ప్రశ్న వేయలేదు, నేను కూడా వేయలేదు. అక్క గురించీ నా గురించీ వాదించాను గాని అమ్మ వాటా సంగతి నాకు తట్టలేదు. ఇరవై ఏళ్ళుగా స్త్రీల ఆస్తిహక్కుల మీద పనిచేస్తున్న మనిషిని చెబుతున్నాను.

ఊరి ఇల్లు అమ్మి డబ్బు ఐదు ఖాతాల్లో వేశాం. అమ్మ తన వాటాను తన పేరనే బ్యాంకులో దాచుకుంది. అక్క కొత్త ఇంట్లో చేరనంది, అది ఆమె ఇష్టం. అనంతగిరి ఇల్లు ఇంకా కొనలేదు. కొంటే ఏం రాసుకోవాలో కాగితం మీద పెట్టాం. డబ్బు పెట్టిన ప్రతివారి పేరూ దస్తావేజులో ఉండాలి. దంపతులు కలిసి పెడితే ఇద్దరి పేర్లూ ఉండాలి. పన్ను, మరమ్మతులు, కాపలా జీతాలు వాటాల ప్రకారం కట్టాలి. ఎవరైనా బయటికి పోదలిస్తే ముందు మిగిలిన వాళ్ళకే అమ్మజూపాలి, ధర ఎలా కట్టాలో ఇప్పుడే రాసుకోవాలి. మనలో ఒకరు పోతే వాళ్ళ వారసులతో ఏం చేయాలో తేల్చుకోవాలి. వంట వంతుల్లో మగవాళ్ళ పేర్లు కూడా ఉండాలి. ఈ చివరి దానికి చిన్నన్నయ్య నవ్వాడు. కొట్టేయలేదు.

కలిసి ఉండటానికి కాగితాలెందుకని మీరు అడగవచ్చు. కాగితం లేని ప్రేమలో ఇంతకాలం ఎవరి వాటా పోయిందో చూడమంటాను. రేపు మీ బస్తీలో ఒక స్త్రీ, "అన్న సంతకం పెట్టమంటున్నాడు, ఏం చెయ్యనక్కా?" అని వస్తే, పెట్టమనో వద్దనో వెంటనే చెప్పకండి. ముందు ఆ కాగితం ఆమెకు పూర్తిగా చదివి వినిపించండి. తరువాత ఆమె తల్లి వాటా గురించి కూడా అడగండి.