మన మండలి కోరలు ఎవరు పీకారు?



చట్టాన్ని అసెంబ్లీ చేస్తది, మళ్లీ అసెంబ్లీయే మారుస్తది. మరి ఆ అసెంబ్లీకి అధికారం ఇచ్చిందెవరు? రాజ్యాంగ సభ. 1946 డిసెంబర్ 9న అది మొదటిసారి కూర్చుంది. 1949 నవంబర్ 26న రాజ్యాంగాన్ని ఆమోదించింది. అందుకే అక్కడ ఒక్క మాట మారినా తరతరాల బతుకు మారిపోద్ది.

ఆ సభకి సభ్యుల్ని మన తాతలు ఎన్నుకోలేదు. రాష్ట్రాల శాసనసభ్యులు ఎన్నుకున్నారు. ఆ శాసనసభ్యులకి ఓటేసే హక్కు ఆస్తీ చదువూ ఉన్న కొద్దిమందికే ఉండేది. అయినా జైపాల్ సింగ్ ముండా అక్కడ లేచి నిలబడ్డాడు. 1928 ఒలింపిక్స్‌లో దేశానికి హాకీ బంగారం తెచ్చిన కెప్టెన్ ఆయన. ఆదివాసీలకి మీరు ప్రజాస్వామ్యం నేర్పక్కర్లేదు, మీరే మా దగ్గర నేర్చుకోవాలి అని తేల్చి చెప్పాడు.

ఇప్పుడు అసలు సంగతి వినండి. 1948 ముసాయిదాలో గిరిజన సలహా మండలికి కోరలున్నాయి. భూమి, పెళ్లి, ఊరి కట్టుబాట్ల విషయంలో ఫలానా చట్టం మాకొద్దని మండలి చెబితే గవర్నర్ వినాల్సిందే. 1949 సెప్టెంబర్‌లో సభ ఆమోదించిన ఐదో షెడ్యూల్లో ఆ మాట లేదు. గవర్నర్ అడిగితేనే మండలి సలహా చెప్పాలి. జైపాల్ సింగ్ సభలోనే అభ్యంతరం చెప్పాడు. వినలేదు.

అలాగని మిగిలింది చిన్నదేం కాదు. ఏ చట్టమైనా ఏజెన్సీకి వర్తించదని గవర్నర్ ప్రకటించొచ్చు. భూమి చేతులు మారకుండా రెగ్యులేషన్ తేవొచ్చు. 1959 రెగ్యులేషన్, దాన్ని గట్టి చేసిన 1/70 ఆ అధికారంతో వచ్చినవే. అవి ఊరికే రాలేదు. 1967 అక్టోబర్ 31న లేవిడిలో కోరన్న, మంగన్న తుపాకీ గుళ్లకి బలయ్యారు. శ్రీకాకుళం కొండలు రగిలాయి. 1970లో 1/70 వచ్చింది. కాగితం మీది అధికారం కదిలింది మనోళ్లు కదిలాకే.

ఇంకోటి గుర్తుంచుకోండి. ఐదో షెడ్యూల్ని మార్చడానికి పార్లమెంటులో మూడింట రెండొంతుల మంది అక్కర్లేదు. మామూలు చట్టం చాలు. అంటే పోయిన కోరల్ని తిరిగి పెట్టొచ్చు, ఉన్నవీ పీకెయ్యొచ్చు. ఎటు జరుగుద్దన్నది మన మెలకువని బట్టే.

శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యంలో షెడ్యూల్లో చేరని ఆదివాసీ ఊళ్లు ఇంకా ఉన్నాయి. అక్కడ 1/70 రక్షణ లేదు. గవర్నర్‌ని సంప్రదించి రాష్ట్రపతి ఒక ఉత్తర్వు ఇస్తే ఆ ఊళ్లు చేరతాయి. రాజ్యాంగ సభ మళ్లీ కూర్చోనక్కర్లేదు.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఐదో షెడ్యూల్ నాలుగైదు పేజీలే. చదవండి. మీ ఊరి గ్రామసభలో అందరికీ చదివి వినిపించండి. మీ ఊరు షెడ్యూల్లో లేకపోతే తీర్మానం రాసి ఐటీడీఏకి ఇవ్వండి, అందినట్టు రసీదు అడగండి. ఆనాటి సభలో మనకి కుర్చీ దక్కలేదు. మన గ్రామసభలో మన చోటు ఎవరూ తీసుకోలేరు.

జై ఆదివాసీ!